ఏడుపులోంచి కోసిన పేరు

ప్రభువా, నీకు స్తోత్రం. మనిషికి నోరిచ్చినవాడివి నువ్వే, ఆ నోటికి ఏడుపు ఇచ్చినవాడివీ నువ్వే. నా తప్పును ఇన్నేళ్లుగా నన్ను మరిచిపోనివ్వని నీ కనికరానికి స్తోత్రం. నీ సన్నిధిలో మోకరించి చెప్పుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

యాభై ఎనిమిదిలో నేను నంద్యాలలో ఉపాధ్యాయ శిక్షణ చదువుతున్నాను. మా బడిని చూసుకునే విదేశీ మిషనరీని అందరం దొర అనేవాళ్లం. ఆయన దగ్గర ఒక చిన్న సినిమా కెమెరా, జీపు బ్యాటరీతో నడిచే టేపు రికార్డరు ఉండేవి. ఊళ్లలోని సంఘాలకు చూపించడానికి విద్యార్థులే పది నిమిషాల సినిమా ఒకటి తీయాలని ఆయన కోరిక. బైబిల్లో ఒక విధవరాలి కొడుకును పాడె మీద మోసుకుపోతుంటే ప్రభువు ఊరి వాకిట ఆపి బ్రతికించిన సంగతి తీసుకున్నాం. కెమెరా పట్టడం నా గదిలో ఉండే స్నేహితుడి వంతు. శబ్దాలు, తెర మీది మాయలు నా వంతు.

దొర రెండు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి నేర్పాడు, అంతే. చనిపోయిన పిల్లవాడు లేచేచోట వాడి తల చుట్టూ వెలుగు కావాలన్నాడు. ఫిల్మును అద్దం మీద పరిచి, భూతద్దంలో చూస్తూ, ఒక్కొక్క బొమ్మలో సూదితో గీకాను. నాలుగు సెకన్ల వెలుగుకు మూడు రోజులు పట్టింది. జనం నడిచే చప్పుడుకు పెట్టెలో ఇసుక పోసి తొక్కాం. పాడె కిర్రుమనడానికి నులక మంచం పట్టె పట్టుకుని ఊపాం. తల్లి ఏడుపు మాత్రం మాకు చేతకాలేదు. నేను ఏడిస్తే నా స్నేహితుడు మిషను ఆపేశాడు.

"రేయ్, కొడుకు సచ్చినట్టు లేదురా. పంటి నొప్పికి మూలుగుతాండావ్."

ఆ వారంలోనే దొర ఆళ్లగడ్డ సంఘంలో పాటలు రికార్డు చేయడానికి పోతూ నన్ను తీసుకుపోయాడు. ఆ రోజు పాటలు జరగలేదు. ప్రార్థన గుడి ఊడ్చే విధవరాలి కొడుకు, తొమ్మిదేళ్లవాడు, తెల్లవారుజామున జ్వరంతో పోయాడు. దొర ఆ ఊళ్లో వాక్యం చెప్పే ఉపదేశి ఇంటికి వెళ్లాడు. నేను ఆమె ఇంటి గోడ వెనక జీపులో ఉన్నాను. ఆమె ఏడుపు వినబడుతోంది. మా సీమలో ఆడవాళ్ల ఏడుపులో మాటలుంటాయి. పోయినవాళ్లు ఏం తిన్నారో, ఎవరితో పోట్లాడారో, ఏ అంగీ కోసం మారాం చేశారో అన్నీ వాళ్లకే వినిపిస్తూ, నడుమ నడుమ పేరు పెట్టి పిలుస్తారు. మా సంఘంలో అది నిషేధం. పునరుత్థానం మీద నిరీక్షణ ఉన్నవాళ్లు శోకాలు పెట్టకూడదని పెద్దలు నేర్పారు. నేనూ అదే నమ్మాను. అయినా మిషను మీట తిప్పాను. ఎవరినీ అడగలేదు.

మూడు నిమిషాలు తిరిగింది. అంతలో సంఘ పెద్ద వచ్చాడు.

"చాలు మే, గమ్మునుండు. నీ కొడుకు ప్రభువు తావుకు పోయినాడు. అన్యుల మాదిరి ఏందిది?"

ఆమె ఆపేసింది. నోట్లో కొంగు కుక్కుకున్నదని తర్వాత లోపలికి వెళ్లినప్పుడు చూశాను.

నంద్యాలకు వచ్చాక ముందు సంఘ పెద్ద మాటలు కోసేశాను. తర్వాత పిల్లవాడి పేరు. మా సినిమాలోవాడు లేఖనాల్లోని పిల్లవాడు, వాడికి ఆళ్లగడ్డ పేరు ఎట్లా ఉంటుంది? పేరు పలికిన చోటల్లా, ఊపిరికీ ఊపిరికీ మధ్య బ్లేడుతో ఏటవాలుగా కోసి, కొసలు కలిపి అతికించాను. తొమ్మిది ముక్కలు వచ్చాయి. వాటిని రేకు డబ్బాలో పడేశాను. వింటే ఎక్కడా అతుకు తెలియలేదు. నాకు గర్వంగా ఉండింది.

"ఆళ్లగడ్డలో చూపిస్తే ఆమె కనుక్కోదా?" అని నా స్నేహితుణ్ణి అడిగాను.

"ఎవురి గొంతు వాళ్లకు యాడ తెలుస్తాదిరా? నీ గొంతు మిషన్లో ఇని నువ్వే నాది కాదంటివి గదా. గమ్మున పండుకో."

దొరకు తెలుగు అంతంత మాత్రం. ఎవరో బాగా నటించారనుకున్నాడు. నేను కాదనలేదు.

మొదట గోస్పాడులో చూపించాం. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకుని ఏడ్చారు. ఆళ్లగడ్డలో మాత్రం టేపు పెట్టకుండా ఉత్త బొమ్మే ఆడిద్దామని నా మనసులో ఉండింది. గోస్పాడు ఏడుపు చూశాక ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆమె ఎదుట ఆ ఏడుపు వినిపించబోతున్నానని తెలిసే పోయాను.

దీపాలు పెట్టే వేళకు గుడి గోడకు తెల్లగుడ్డ కట్టాం. ఆమె ముందు వరుసలోనే కూర్చుంది. పాడె కదిలింది, ఏడుపు మొదలైంది. ఆమె లేచింది. తెర వైపు చూడలేదు. శబ్దం వచ్చే పెట్టె దగ్గరికి వెళ్లి, దానికి చెవి ఆనించి కూర్చుంది. నేను సూదితో గీకిన వెలుగులో పిల్లవాడు లేచాడు. దాన్ని ఎవరూ చూడలేదు.

"కూకో మే, ఎనకోళ్లకు అడ్డం," అన్నాడు సంఘ పెద్ద.

"ఇది నా ఏడుపు," అందామె.

టేపు అయిపోయింది. ఆమె నా వైపు తిరిగింది. "అప్పా, నేను వాన్ని పేరు పెట్టి పిలిస్తి గదా. ఆ పేరు యాడ పోయింది?"

నేను టేపు వెనక్కి చుట్టడం మొదలుపెట్టాను.

"మళ్లా ఎయ్యి."

వేశాను. ఏడుపు సాగుతుంటే, నేను కోసిన ప్రతి చోటా ఆమె ఆ పేరు అందించింది. ఒక్క చోటు కూడా తప్పలేదు. మళ్లీ మళ్లీ వేయించుకుంది. నాలుగోసారికి సంఘ పెద్ద ఆపమన్నాడు, గుడిలో ఇది తగదన్నాడు.

"ఆ పొద్దు ఏడ్సొద్దంటిరి. ఈ పొద్దు మీరే గుడిలో పెట్టి ఆడిస్తిరి," అందామె ఆయనతో.

పేరున్న ముక్కలు నా దగ్గరే ఉన్నాయని, వచ్చే ఆదివారం అతికించి తెస్తానని ఆమెకు మాటిచ్చాను. నంద్యాలకు వచ్చి చూస్తే డబ్బా ఖాళీ.

"ఆ చెత్తనా? నీళ్ల పొయ్యి రాజేసేకి ఏసినా. బలే మండింది," అన్నాడు నా స్నేహితుడు. వాడికి తెలియదు. వాణ్ణి తప్పుపట్టలేను.

ఆదివారం బస్సెక్కి ఉత్తచేతులతో పోయాను. ఆమె ఇంటి ముందు వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నా చేతులు చూసి, "లేదని చెప్పేకి వచ్చినావా?" అంది.

"కాలిపోయినాయక్కా. తప్పు నాది."

"నువ్వు ఇప్పుడు కోస్తివి. సంఘమోళ్లు ఆ పొద్దే నా ఏడుపు కోసినారు. నేను ఇంగ ఆ గుడికి రానని పోయి చెప్పు."

చెప్పాను. సంఘ పెద్దతో ఆమె రానందని మాత్రమే చెప్పాను. ఎందుకు రానందో, అందులో నా చేతిపని ఎంతో చెప్పలేదు.

అరవైలో అదే ఆళ్లగడ్డకు నన్ను బడిపంతులుగా వేశారు. ఆ ఏడు సంఘ కూటంలో ఆమెను విశ్వాసం వదిలేసినదానిగా ఎంచి, సభ్యత్వం తీసేయాలన్నారు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. సంఘం జీతం తింటున్నవాణ్ణి, కొత్తవాణ్ణి. ఒక్క మాట అని ఉంటే ఆగేది. నా చెయ్యి కూడా లేచింది. కిటికీలోంచి చూస్తే ఆమె నెత్తిన గంపతో బజారు వైపు పోతోంది.

ఇది చదువుతున్నవారు ఎక్కడ కూర్చుని ఉన్నా ఒక్క నిమిషం నాతో తల వంచండి. నా కోసం కాదు. ప్రభువా, మేము వాక్యం పేరు చెప్పి నోరు మూయించిన తల్లులను నీ దగ్గరికి పిలుచుకో. నీ సన్నిధిలో వాళ్లను కడుపారా ఏడ్వనివ్వు. వాళ్లు ఏడుస్తున్నంతసేపూ మమ్మల్ని మాట్లాడనివ్వకు. ఆమేన్ అనండి.