సార్ కొట్టేయించిన మాట

మా ఇంగ్లీషు సార్ పోయారు. మొన్న ఉదయం మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్లే రైల్లో ఉండగా ఆ కబురు తెలిసింది. పెట్టెలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. పేకాట ఆడుతున్నవాళ్లు ముక్కలు కింద పెట్టేశారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అలాంటి మనిషి చెప్పాపెట్టకుండా పోవచ్చా?

క్లాసులో గోల చేస్తే సార్ బెత్తం పట్టేవారు కాదు. "ఈ పొద్దు క్లాసు రౌడీగా ఉండాది. రేపు ఉండదు" అనేవారు. ఒకసారి ఒక పిల్లవాడి తల్లి కొంగు బిగించి వచ్చింది.

"నా బిడ్డని రౌడీ అంటారా సార్?"

"ఇంగ్లీషువాళ్లు గలాటాకి ఆ మాట అంటారమ్మా. పెండ్లింట్లో పిల్లోళ్లు కేకలేసినా అంటారు. మనమే దాన్ని మనిషికి తగిలించి, ఊడకుండా మేకు కొట్టినాము."

ఆమె సమాధానపడిందో లేదో నాకు తెలియదు. గనులు మూతపడ్డ మా ఊరి పేరు చెబితే చాలు, బయటవాళ్లు "రౌడీల ఊరా?" అంటారు. అందుకే కొన్నేళ్ల కిందట ఇదే రైల్లో మా తమ్ముడి గొడవ జరిగిన రోజు అంత భయపడ్డాను.

రైలు బయల్దేరకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం మా వాళ్ల అలవాటు. అది తెలియని పెద్దమనిషి ఒకాయన మా తమ్ముడి తువ్వాలు కింద పడేసి కూర్చున్నాడు. మాటా మాటా పెరిగింది. తమ్ముడు చెయ్యి చేసుకోబోతే, అదే పెట్టెలో ఉన్న సార్ అడ్డు వచ్చారు. ఆ తోపుకు ఆయనే పడ్డారు. సీటు అంచు తగిలి పై పెదవి చీలింది. తర్వాత వచ్చిన జంక్షన్‌లో పోలీసులు తమ్ముణ్ణి దించేశారు. సార్, నేను, ఆ పెద్దమనిషి కూడా దిగాం. తమ్ముడికి అప్పటికే వేమగల్ ఫ్యాక్టరీలో ఉద్యోగం దాదాపు ఖాయమైంది. చేరేముందు వాడి నడవడి గురించి జరిగే పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. అందులో రౌడీ అని వస్తే ఉద్యోగం పోయినట్టే.

పోలీసాయన ఫిర్యాదు తానే రాసి సంతకానికి సార్ ముందు పెట్టాడు. సార్ చదివి పెన్ను పక్కన పెట్టేశారు.

"ఈడ రౌడీ అని ఉండాది. అది కొట్టెయ్యండి."

"రక్తం కారతా ఉండాది సార్! ఇంగ వీడు రౌడీ కాకుంటే ఎవరు?"

"తోసినాడు, నేను పడినాను. గలాటా చేసినాడు. అదంతా రాయండి, సంతకం పెడతాను. రౌడీ అంటే రేపూ అదే, ఎల్లుండీ అదే. అది నాకు తెలీదు, మీకూ తెలీదు."

పోలీసాయన మొహం ఎర్రబడింది. "మీరు పోండి సార్, మేం చూసుకుంటాం" అన్నాడు. సార్ పెదవికి రుమాలు అదుముకుని కుర్చీలోంచి కదల్లేదు. చివరికి పోలీసాయన విసుక్కుంటూ ఆ మాట మీద గీత కొట్టాడు. సార్ సంతకం చేసి తమ్ముడి వైపు తిరిగారు.

"నువ్వు చేసింది చిన్న తప్పు కాదప్పా. క్షమించమని అడుగు. నన్ను కాదు, ఆయన్ని."

వాడు ఆ పెద్దమనిషిని అడిగాడు. పోలీసులు హెచ్చరించి వదిలేశారు. ఆ ఉద్యోగమే ఇవాళ్టికీ మా ఇంట్లో పొయ్యి వెలిగిస్తోంది.

సార్‌ని శ్మశానానికి తీసుకెళ్లే వేళకి వీధంతా తప్పెట్ల మోత, టపాకాయలు, కుర్రాళ్ల గెంతులు. తమ్ముడు షిఫ్టు మధ్యలో వచ్చాడు, మెడలో ఫ్యాక్టరీ కార్డుతోనే. జనాన్ని తప్పించుకుంటూ ముందుకెళ్లి, వంగి, సార్ పై పెదవి మీది మచ్చను బొటనవేలితో తడిమాడు. పాడె ఎత్తాలి లెమ్మని ఎంతమంది చెప్పినా వాడు ఆ వేలు తియ్యలేదు.