రెండు క్షణాలు చూసిన ఫిల్మ్

జూన్‌లో బడులు తెరిచిన వారం, మా అక్క హత్నూర దగ్గరి బడి నుంచి నేరుగా సంగారెడ్డిలో మా ఇంటికి వచ్చింది. ఆమె టీచరు. అప్పటికి నలభై రెండేళ్లు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మంచినీళ్లు తాగి, నా వైపు చూడకుండా చెప్పింది.

"తమ్మీ, బోర్డు మీద రాయనీకి చెయ్యి లేపితే కుడి దిక్కు ఛాతిల గుంజుతున్నది. గడ్డ గిట్ల చేతికేం తగుల్తలేదు. కానీ ఎందుకో మంచిగనిపిస్తలేదు."

నేను పటాన్‌చెరులో ప్రెషర్ వెసెళ్లు, అంటే ఒత్తిడిని తట్టుకునే ఉక్కు ట్యాంకులు, తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. వెల్డింగ్ అతుకులకు ఎక్స్‌రే తీసి, లోపల పగులు ఉందా లేదా అని ఫిల్మ్ చదవడం నా ఉద్యోగం. అందుకే ఇంట్లో ఎవరి రిపోర్టయినా ముందు నా చేతికి వస్తుంది.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ పరీక్షించి మామోగ్రామ్, అంటే రొమ్ముల ఎక్స్‌రే, రాసింది. "రిపోర్టు తెచ్చి నాకు చూపించండి" అంది. రిపోర్టు తెచ్చాను. ఆమెకు చూపించలేదు. ఆ వారం ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ ఉంది. పైగా, ఫిల్మ్ చదవడం నాకు రాదా అనుకున్నాను.

కవర్లోంచి ఫిల్మ్ తీసి కిటికీ వెలుగుకు పట్టాను. తెల్లగా ఉంది. అది నా అక్క శరీరమన్న సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. రెండు క్షణాల్లో మళ్లీ కవర్లో పెట్టేశాను. రిపోర్టులో "గడ్డ కనిపించలేదు" అన్న వాక్యం దాకా చదివి మడిచాను. ఫైల్ పెట్టడం నా అలవాటు. మొదటి పేజీలో నా చేతిరాతతో రాశాను: 1. మామోగ్రామ్ – నార్మల్.

దసరా సెలవుల్లో అక్క మళ్లీ అడిగింది. "ఇంకా గుంజుతనే ఉన్నది తమ్మీ. ఇంకోపారి చూపిద్దామా?"

"ఫిల్మ్ నేనే చూసిన గదక్కా. ఏం లేదు. ఉత్తగ పరేషాన్ కాకు."

"నువ్వు చూసినవంటే ఇగ ఫికర్ లేదు" అంది. బడిలో తోటి టీచర్లకు కూడా అదే చెప్పిందట: మా తమ్ముడు చూసిండు.

ఫిబ్రవరిలో గడ్డ ఆమె చేతికే తగిలింది. అదే డాక్టరమ్మ అల్ట్రాసౌండ్ చేయించింది. దాదాపు మూడు సెంటీమీటర్లు. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. చంకలోని లింఫ్ నోడ్స్‌కు కూడా పాకింది.

"మరి మామోగ్రామ్‌లో ఏమీ లేదు కదా మేడమ్?" అన్నాను.

ఆమె పాత రిపోర్టు విప్పి కింది వాక్యం మీద పెన్ను ఉంచింది. రొమ్ము కణజాలం డెన్స్‌గా, అంటే దట్టంగా ఉంది, చిన్న గడ్డలుంటే కనబడకపోవచ్చు, అల్ట్రాసౌండ్ చేయించాలి.

"డెన్స్ టిష్యూ తెల్లగా కనిపిస్తుంది. గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు."

ఈ మాట నాకు కొత్త కాదు. మందమైన అతుకు మీద ఫిల్మ్ తెల్లగా వస్తే "లోపం లేదు" అని నేను ఎన్నడూ సంతకం చేయలేదు. చదవడానికి పనికిరాదని రాసి, అల్ట్రాసోనిక్ పరీక్షకు పంపుతాను. మా ఫ్యాక్టరీలో అది రోజూ జరిగే పని.

"జూన్‌లోనే చేయిస్తే దొరికేదా?" అని అడిగాను.

"దొరికేదేమో. ఖచ్చితంగా చెప్పలేను." ఆ "ఏమో" ఇప్పటికీ నాతోనే ఉంది.

రొమ్ము తీసేశారు. చంకలోని నోడ్స్ తీశారు. ఆరు కీమోలు, ఆపై రేడియేషన్. మూడో కీమో తర్వాత రక్తకణాల కౌంట్స్ పడిపోయి, జ్వరంతో అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంది. అక్కడే నేను ఫ్యాక్టరీ సంగతి, సిగ్గు సంగతి, అంతా ఆమెకు చెప్పేశాను.

"అంటే ఇనుముకున్న ఇలువ నాకు లేకపాయె" అంది. తర్వాత చిన్నగా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. "ఏడ్వకు రా. నేను గూడ సిగ్గుకే గద, ఇంకో డాక్టర్ దగ్గరికి పోకుంట నీ మాట పట్టుకొని కూసున్న."

ఇప్పుడు ట్రీట్‌మెంట్ అయిపోయి మూడేళ్లు. అక్క బడికి వెళ్తోంది. నోడ్స్ తీసేయడంతో కుడి చెయ్యి వాస్తుంది. ఎక్కువసేపు పైకెత్తలేదు. బోర్డు మీద ఎడమ చేత్తో రాస్తుంది, అక్షరాలు వంకరపోతే పిల్లలు దిద్దుతారు.

చదివేవారికి ఒక్క మాట. మామోగ్రామ్ రిపోర్టును చివరి వాక్యం దాకా చదివించుకోండి. "నా టిష్యూ డెన్స్‌గా ఉందా? ఉంటే అల్ట్రాసౌండ్ కావాలా?" అని డాక్టర్నే అడగండి. రిపోర్టు నార్మల్ అన్నా బాధ తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. ఇంట్లో తెలివైనవాడి మాటతో సరిపెట్టుకోకండి.

ఫైల్ మొదటి పేజీలో "నార్మల్" అన్న మాట కొట్టేయలేదు. ఏటా రెండో రొమ్ముకు మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ చేయిస్తాం. మొన్న కవరు చేతికి రాగానే అక్క దాన్ని నా ఒళ్లో పెట్టింది.

"సిగ్గుపడకు. కింది దాకా సదువు. సదివినంక డాక్టరమ్మ దగ్గరికి నడువు."