పొట్టులో చెయ్యి

మా మేనత్త పనిలోకి వెళ్లగానే చేతిసంచి కూడా దించదు. తిన్నగా రంపపు పొట్టు కుప్ప దగ్గరికి వెళ్లి మోచేతిదాకా చెయ్యి దూరుస్తుంది. లోపల్నుంచి గుప్పెడు తీసి, గట్టిగా పిసికి, పిడికిలి విప్పుతుంది. పొడిపొడిగా రాలిపోతే సరే. ఉండకట్టి అరచేతికి అంటుకుందా, ఆ రోజు ఎవరికో మూడిందన్నమాటే.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆ పొట్టుతో మండే బాయిలర్ నడపడం ఆమె పని. అంతకుముందు పన్నెండేళ్లు అక్కడే బూడిద ఎత్తింది. ఎత్తుతూనే చదివి, రెండుసార్లు తప్పి, మూడోసారి బాయిలర్ పరీక్ష గట్టెక్కింది. పాత ఆపరేటరు మానేశాక, మూడు నెలలు చూస్తామంటూ ఆ కుర్చీ ఆమెకిచ్చారు. కుర్చీ అన్నది మాటవరసకే. అక్కడ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు.

రెండు నెలలు ఆవిరి ఒత్తిడి చూపే గేజి ముల్లు ఏడు మీదే నిలబడింది. మూడో నెలలో అయిదుకి జారింది. ఇస్త్రీ రోలర్లు చల్లబడి దుప్పట్లు తడితడిగా బయటికి రాసాగాయి.

"వదినా, నీ ఆవిరి కన్నా మా అత్తగారి నిట్టూర్పే వేడిగా ఉంటుంది," అంది రోలర్ల దగ్గర పనిచేసే ఆవిడ.

సూపర్‌వైజరు నవ్వలేదు. "సోమవారం దాకా చూస్తానమ్మా. ముల్లు ఎక్కకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాను. నువ్వు మళ్లీ బూడిద దగ్గరికి వెళ్దువుగాని."

ఆ మాట అత్తకి ములుకులా గుచ్చుకుంది. ముల్లు తగ్గుతున్న కొద్దీ పార మీద పార పొట్టు ఎగదోసింది. ముల్లు ఇంకా పడింది. చిమ్నీలోంచి మాత్రం తెల్లటి పొగ దట్టంగా లేచింది.

సాయంత్రం మంట ఆర్పాక బూడిద గుంటలోకి వంగి చూసింది. సగమే కాలిన నల్లటి పొట్టు. పన్నెండేళ్లు ఎత్తిన చెయ్యి కదా, అది బూడిద కాదని ముట్టుకోగానే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే లాండ్రీ కాటా మీద పది కిలోల పొట్టు తూచింది. ఇనపరేకు మీద పలచగా పరిచి బాయిలర్ పక్కన పెట్టింది. గంటగంటకీ తిరగేసింది, తూచింది. బరువు ఇక తగ్గనని మొండికేసేసరికి అయిదున్నర కిలోలు మిగిలింది. షెడ్డు మూల మిగిలిపోయిన పాత సరుకుని అలాగే ఎండబెడితే ఎనిమిదిన్నర. రెంటినీ చెరో బుట్టలో పోసి మోసుకెళ్లి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది.

"ఈ నెల నుంచి పంపుతున్న కొత్త మిల్లు వాళ్లది పచ్చిదుంగల పొట్టు సార్. పది కిలోల్లో నాలుగున్నర నీళ్లే. మంట ముందు ఆ నీళ్లనే ఆవిరి చేస్తోంది."

"మనకి కావలసింది ఆవిరేగా?"

"కావలసింది బాయిలర్ డ్రమ్ములో సార్, చిమ్నీలో కాదు."

ఆయన బుట్టలోకి తొంగి చూశాడు. అత్త వెనక్కి తగ్గలేదు. దాచుకోవలసిన మాట కూడా తనే బయటపెట్టింది.

"నా తప్పూ ఉంది. కంగారుపడి ఎక్కువ పొట్టు వేశాను. కింద గాలి ఆడలేదు. అందుకే సగం కాలకుండా పోయింది. రేపొక్క రోజు పాత సరుకివ్వండి, పలచగా వేస్తాను. ముల్లు ఏడెక్కకపోతే నా పార నేనే తీసుకుని బూడిద దగ్గరికి పోతాను."

"రోజంతా వద్దు. తొమ్మిదింటికి వచ్చి చూస్తా."

మర్నాడు పొట్టు కొంచెం కొంచెంగా చల్లుతూ, మంట కిందికి గాలి వదిలే తలుపు దగ్గర్నుంచి కదలలేదు. ఎనిమిదింటికి ఆరు. ఇంకో పార వెయ్యాలని మనసు పీకినా ఆగింది. సూపర్‌వైజరు వచ్చేసరికి ముల్లు ఏడు మీద ఉంది. చిమ్నీ మీద పొగ ఉందో లేదో వెతుక్కోవలసినంత పలచగా ఉంది.

లోపల్నుంచి రోలర్ల ఆవిడ కేక వేసింది. "వదినా, చెయ్యి కాలింది!" అంత సంతోషంగా చెయ్యి కాల్చుకున్న మనిషిని అత్త అంతకుముందు చూడలేదట.

ఇప్పుడు అత్తకి యాభై మూడేళ్లు. ఆ లాండ్రీకి ఏ పొట్టు లారీ వచ్చినా, ఆమె చెయ్యి పెట్టి చూశాకే సరుకు దించుతారు.