లంకె పక్కన భాష పేరు

అది ఆదివారం, పొద్దున పది గంటలు. రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేండ్లయి ఉంటది. శామీర్‌పేటల మా ఇంట్ల, కంప్యూటర్ ముందు మా వదినను కూచోబెట్టిన.

వదినా నేనూ నడివయసు దాటినంక రాత్రిబడిల అక్షరాలు నేర్చుకున్నోళ్లం. మా కోడలు, నలుగురు కలిసి రాసే ఒక తెలుగు వెబ్‌సైటుల పంటల గురించి రాసేది. ఆ పొద్దు ద్రాక్షతోటల పేజీ తెరిచింది. మేడ్చల్ దిక్కు తోటలల్ల వదిన ఏండ్లకేండ్లు గుత్తులు కోసిన మనిషి. వేలు పెట్టి చదువుకుంట పేజీ అడుగుదాక వచ్చింది. అక్కడ తెలుగు పేర్లతోని, నొక్కితె వేరే సైట్లకు తీస్కపోయే కొన్ని లంకెలున్నయి. ఒకటి నొక్కింది. తెర నిండ ఇంగ్లీషు.

"గింతే నా చదువు. ఇగ నన్ను పిలువకుర్రి" అని లేచింది.

నాకు కోపమొచ్చింది, వదిన మీద కాదు.

"ఏందమ్మా గిది? తెలుగు పేరు రాసి ఇంగ్లీషుల దించుతరా? ముందుగాల చెప్పాలె గద" అన్న కోడలితోని.

"నిజమే అత్తమ్మా" అని, ఆ సైటుల రాసేటోళ్లు మాట్లాడుకునే కాడ, లంకె పక్కన భాష సంగతి రాయాలన్న మా మాట కోడలు పెట్టింది. మేం చాయ తాగేలోపల, ఎక్కడుంటడో తెల్వని ఒకాయన "మంచి మాట, పెట్టండి" అని జవాబిచ్చిండు. పరాయి లంకెలన్నిటి పక్కన "పరాయి భాష" అని రాయమని నేనే చెప్పిన, కోడలు అట్లనే రాసింది.

గప్పుడే మా పెద్దన్న, వదిన పెనిమిటి, లోపలికొచ్చిండు. నిజాం కాలంల ఉర్దూ బడిల చదివినోడు. కోడలు ఆఖరు లంకె తెరిచి చూస్తాంది. ఉర్దూ.

"గిది పరాయిదని ఎవరన్నరు?" అని కుర్చీ గుంజుకున్నడు. ఒక్కొక్క ముక్క చదివి వదినకు తెలుగుల చెప్పిండు.

"ఇన్నేండ్లల్ల ఒక్క పేపరన్న చదివి వినిపించినవా?" అన్నది వదిన.

"నువ్వడిగితె గద."

"అడుగుతె ఇంటివా?"

కోడలు నా మాట తీసేసి, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ అని ఏ లంకెకు ఆ పేరు రాసింది. వదిన మళ్ల కూచుంది.

"ఇంగ్లీషు, నాకొద్దు. హిందీ, పోనీ. ఉర్దూ... ఏమయ్యో, గిది నీ వంతు. బిడ్డా, జామతోటల పేజీ ఉంటె తియ్యి."

ఇగ ఆమె చదువు మానలేదు. అందుకు అందరికీ దండాలు. ఆ పొద్దు అక్కడున్నది మా కోడలు, మా పెద్దన్న, మా వదిన, నేను. "పెట్టండి" అన్న ఆయన గూడ ఉన్నట్టే లెక్క.