నీతి సంఘంలో రేణుకమ్మ

రేణుకమ్మది మోతె దగ్గర గొర్లు కాసుకుని బతికిన ఇల్లు. ఏడో తరగతి దాకా చదివింది. పాతికేళ్లుగా పార్టీ జెండా మోసింది, సభలకు ఆడవాళ్లను కూడగట్టింది, ఒకసారి వార్డు మెంబరుగా గెలిచింది. ఆమెకు ఒక చెడ్డ అలవాటుంది. సంతకం పెట్టమంటే ముందు చదువుతుంది.

ఈ సంగతి సూర్యాపేట పార్టీ ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఆమెను నీతి సంఘంలో వేసేవాళ్లే కాదు.

సొంత నాయకుల మీద వచ్చే ఫిర్యాదులు విచారించడానికి పెట్టిన సంఘం అది. ఎన్నికల ముందు ఎవరిదో వీడియో బయటపడి పరువు పోయింది. తమ ఇల్లు తామే ఊడ్చుకుంటున్నామని జనానికి చూపించాలి కదా. పార్టీ లెక్కలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కలిపి ఒక జోన్. ఆ జోన్‌కంతా ముగ్గురు సభ్యులు. ఒకరు వకీలు, ఒకరు రిటైరైన ఆఫీసరు. ఆడమనిషి కూడా ఉంటే ఫొటోకు బాగుంటుందని రేణుకమ్మ. ఏడాది పాటు ముగ్గురూ కలిసి చాయ్ తాగారు.

అప్పుడు నాగరాణి వచ్చింది. ఆమె మిర్యాలగూడలో ఆశా కార్యకర్త. బస్తీలో వైద్య శిబిరం పెడితే, రిబ్బన్ కత్తిరించాల్సిన చంద్రు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఆ పట్టణంలో పార్టీ అంటే చంద్రే. ముసలివాళ్లు ఎండకు సోలిపోతున్నారని నాగరాణి అప్పటికే మందులు పంచడం మొదలుపెట్టింది. నేను రాకముందే ఎవడు మొదలుపెట్టమన్నడని అందరి ముందూ ఆమె చెంప మీద కొట్టాడు.

వకీలు ఫిర్యాదు రెండుసార్లు చదివి, "ఇది నీతి కిందికి వస్తదా, క్రమశిక్షణ కిందికి వస్తదా, జర సూడాలె," అన్నాడు.

"చెంప కిందికి వస్తది," అంది రేణుకమ్మ.

మర్నాడే బస్సెక్కి మిర్యాలగూడ పోయింది. ఇల్లిల్లూ తిరిగి, కళ్లారా చూసిన ఏడుగురి మాటలు రాసుకుని, కింద వాళ్లతోనే సంతకాలు చేయించుకుంది.

వారం తిరగకముందే రూల్సు మారాయి. ఫిర్యాదు మీద పార్టీ సభ్యుడి సంతకం ఉండాలన్నారు. రేణుకమ్మే చేసింది. ఇంకో వారానికి, సాక్షులు కూడా పార్టీ వాళ్లే కావాలన్నారు. చూస్తే ఏడుగురిలో ముగ్గురు పార్టీ వాళ్లే. ఇక లాభం లేదని కోదాడలో జోన్ సమావేశం పెట్టారు.

ఫంక్షన్ హాలంతా బిర్యానీ వాసన. కోదాడ నాయకుడు సాయిబాబు మైకు పట్టుకుని, "మన నీతి సంఘాన్ని ఇంకా బలోపేతం చేస్తున్నామండి. ఇకనుంచి ఏ విచారణైనా జోన్ అధ్యక్షుడి అనుమతితోనే మొదలవుతుంది," అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే రెండో తీర్మానం. కొత్త జోన్ అధ్యక్షుడు చంద్రు. ఈసారి ఇంకా గట్టిగా కొట్టారు.

రేణుకమ్మ లేచింది.

"సాయిబాబు గారూ, చంద్రును విచారించాల్నంటే చంద్రునే అడగాల్నా?"

"అలా మనుషుల్ని బట్టి చూడకూడదమ్మా. రూలు అందరికీ ఒకటేనండి."

"మా మంద కాడ గిట్లనే తోడేలును అడిగి కుక్కను ఇడిస్తే, దొడ్ల పెంటికలే మిగులుతుండె."

వెనక వరసలు నవ్వాయి. ముందు వరసలు చేతులెత్తాయి. నవ్వినవాళ్లు కూడా, నవ్వడం అయిపోయాక, చేతులెత్తారు.

ఆ పూటే ఆమెను సంఘం నుంచి తీసేసి చంద్రు బామ్మర్దిని వేశారు. సన్మానమని శాలువా కప్పారు. కప్పింది చంద్రే.

"అక్కా, నీ అసుంటోళ్లు పార్టీకి కావాలె," అన్నాడు.

"కావాలంటే ఎందుకు తీసేసినవ్ తమ్మీ?"

అతను కెమెరా వైపు తిరిగి నవ్వాడు.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. పాతికేళ్లు ఎండల్లో తిరిగింది దీనికా అనిపించింది. మొగుడు సోమన్న, "ఇడిసిపెట్టరాదే, నీకెందుకు పంచాయితీ," అన్నాడు. "మరి ఆ పిల్లకేమని చెప్పాలె?" అని అడిగింది.

పది రోజులకు ఎదుటి పార్టీ వాళ్లు కారేసుకుని మోతెకు వచ్చారు. ఆమె ధైర్యాన్ని నోరారా పొగిడారు. తమ నిజాయితీ కమిటీకి ఆమే పెద్దగా ఉండాలన్నారు.

"మీ రూల్స్ పుస్తకం తెచ్చిన్రా?"

తెచ్చారు. కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. నాలుగో పేజీలో అధ్యక్షుడి అనుమతి లేకుండా విచారణ లేదని ఉంది. తమ పార్టీ కొత్తగా అచ్చేసిన రూల్సులో 'విచారణ' అన్న మాట 'విచరణ' అని తప్పు పడింది. ఇందులోనూ 'విచరణే'.

"మైకుల ముందు తిట్టుకుంటరు, కాగితం మాత్రం ఒకల్ది చూసి ఒకలు రాసుకుంటరా?" అంది.

వాళ్లు చాయ్ కూడా పూర్తిగా తాగకుండా లేచారు.

ఇక రేణుకమ్మ ఆ ఏడుగురి సంతకాలు పట్టుకుని, నాగరాణిని వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి పోయింది. తిరగ్గా తిరగ్గా కేసయింది. ఏడాదిన్నర వాయిదాలు నడిచాయి. పార్టీ సాక్షులు ముగ్గురికీ ఆ రోజు ఏమీ కనపడలేదట. ఒకాయన శిబిరానికి వచ్చిందే కళ్లు సరిగా ఆనక, అన్నాడు. మిగతా నలుగురు మాట మార్చలేదు. బీపీ గోలీల కోసం వరసలో నిలబడిన బాలమ్మ అయితే చంద్రు వంక చూపించి, "కొట్టిండు సారూ. కుడి చెయ్యే. నాకు బీపీ ఉన్నది గని కండ్లు మంచిగనే ఉన్నయ్," అంది.

తప్పు రుజువైంది. జరిమానా వేసి, సాయంత్రం కోర్టు లేచేదాకా చంద్రును అక్కడే ఉండమన్నారు. అదే శిక్ష. అనుచరులు బయట ఎండలో కార్ల దగ్గర నిలబడ్డారు. మధ్యాహ్నానికి పార్టీ నుంచి ఒక ప్రకటన వచ్చింది. నీతి సంఘంలో అధ్యక్షుడి మీద ఒక్క ఫిర్యాదూ పెండింగులో లేదని అందులో రాశారు.

లోపల చంద్రు గోడవారగా బల్ల మీద తల దించుకుని కూర్చున్నాడు. నాగరాణి డ్యూటీ ఉందని వెళ్లిపోయింది. రేణుకమ్మ మాత్రం కోర్టు లేచేదాకా ఎదురు బల్ల మీదే కూర్చుంది. ఆమెను ఉండమని ఎవరూ అనలేదు.