మ్యాపులో లేని తూము

మా అమ్మమ్మ కసిరితే ఏరు వెనక్కి తిరుగుతుంది. ఏరు తిరగడం నేను చూడలేదుగాని, తాతయ్య తిరగడం రోజూ చూస్తున్నాను.

వంతెన స్తంభం మీద గీసిన అంకెలు చూసి, నీటిమట్టం రిజిస్టర్లో రాసి, ఆఫీసుకు ఫోన్ చెయ్యడం ఆవిడ ఉద్యోగం. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్క పూట తప్పలేదు. నా పుట్టినరోజు మాత్రం మూడుసార్లు మరిచిపోయింది.

ఈ వేసవిలో ఆఫీసువాళ్ళు విమానంలోంచి నేల ఎత్తులు కొలిచి, కంప్యూటర్లో వరద మ్యాపు గీశారు. మునిగే వీధులు ఎరుపు, మునగనివి పచ్చ. మా వీధి పచ్చ. పచ్చ వీధులకు ఇకమీదట సైరన్ మోగదట, పడవ రాదట. పక్కింట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడు. వానలకు నెల కూడా లేదు.

అమ్మమ్మ మ్యాపు చుట్టి చంకలో పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరింది. నేనూ వెంటపడ్డాను. ఆవిడ కాళ్ళకున్న చెప్పులు రెండూ వేర్వేరు జతలవి. ఆ మొహం చూశాక చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

"మీ వీధికీ ఏటికీ మధ్య రోడ్డు గట్టుంది కదండీ, నీళ్ళెలా వస్తాయి?" అన్నాడు మ్యాపు గీసిన ఇంజనీరు.

"గట్టు కింద తూముంది. పోయినసారి అందులోంచే వచ్చి మా పొయ్యి ముంచింది."

"పైనుంచి కొలిస్తే తూము కనపడదమ్మా."

"కిందికి దిగి చూడ్డానికి కాళ్ళు లేవా నాయనా? వరదొచ్చిన ప్రతిసారీ రిజిస్టర్లో రాశానే!"

"పాత రిజిస్టర్లు అటక మీదున్నాయండీ."

"నా ముప్ఫయ్యొక్క ఏళ్ళూ అటకెక్కించారన్నమాట!" అని బల్ల మీద ఒక్కటి చరిచింది. టీ గ్లాసు ఎగిరి ఇంజనీరు ఒళ్ళో పడింది.

ఆ మధ్యాహ్నమే అతన్ని గట్టు దగ్గరికి లాక్కొచ్చి, చేతిలో టేపు పెట్టి, "వంగు" అంది. ఏటివైపు నుంచి తూములో దూరినవాడు కనుబొమల దాకా బురదతో మా వంటింటి మెట్ల దగ్గర తేలాడు. దాహమంటే చెంబు వెనక్కి లాక్కుంది.

"ముందు వెడల్పెంతో చెప్పు."

చెప్పాడు. నీళ్ళిచ్చింది.

వారం తిరక్కుండా మా వీధి ఎర్రబడింది, సైరనూ పడవా మళ్ళీ మాకు దక్కాయి. అమ్మమ్మ చల్లబడిందా అంటే లేదు. మిగతా వీధుల తూములెన్ని అటక మీదున్నాయో అని ఇప్పటికీ పళ్ళు నూరుతోంది.

తొమ్మిదో తరగతితో ఆగిన నా చదువంతా ఖర్చుపెట్టి రాసిన ఈ నాలుగు ముక్కలూ ఆవిడకే చదివి వినిపించాను.

"ఎలా ఉంది అమ్మమ్మా?"

"తూము వెడల్పు రాయలేదేం? నీకూ ఆ ఇంజనీరుకీ తేడా ఏముందే, తింగరిదానా!"