శేషాచారి రాతిబల్లలు

సంస్థానం రోజుల్లో వనపర్తిలోని ఒక హైస్కూలులో డ్రాయింగు చెప్పే శేషాచారి రోజూ అందరికంటే ముందే వచ్చి, వేపచెట్ల కింది రాతిబల్లలను కండువాతో తుడిచేవాడు. బడి వదిలాక పిల్లలు కూర్చొని మాట్లాడుకోవడానికి ఒక చోటుండాలని పెద్దసారుతో పోరాడి వేయించిన బల్లలవి. ఒకరి ముఖం ఒకరికి కనబడాలని వాటిని అర్ధచంద్రంలా తనే గీసిచ్చాడు. కానీ పిల్లలు అక్కడ కూర్చునేవాళ్ళు కాదు. ఉర్దూ చెప్పే మహబూబలీ సాయంత్రంపూట కూలిన ప్రహరీ మీద కూర్చొని పాన్ నములుతుంటే, అందరూ ఆ మొండిరాళ్ళ మీదే ఆయన చుట్టూ చేరేవాళ్ళు. అటునుంచి నవ్వు వినబడినప్పుడల్లా శేషాచారి చేతిలో సుద్దముక్క విరిగేది.

"ఆడ తేళ్ళున్నయి సారూ, పిల్లలకు కుడితే ఎట్ల? గోడ కట్టియ్యండ్రి" అని పెద్దసారుకు చెప్పి ఆ గోడ కట్టించేశాడు. తేలును మాత్రం ఎవరూ చూడలేదు.

గోడ పూర్తయిన మరునాటి సాయంత్రం తరగతి కిటికీలోంచి చూస్తే రాతిబల్లలు నిండిపోయి ఉన్నాయి. చోటు చాలక కొందరు నేలమీదే కూర్చున్నారు. తను అనుకున్నట్టే ముఖాలన్నీ ఒకదానికొకటి కనబడుతున్నాయి. వాళ్ళ నడుమ మహబూబలీ ఉన్నాడు.

"ఆచారి సాబ్, జర బయటికి రాండ్రి! ఎంత సల్లగున్నది ఈడ! మీరు గీసిన చోటు పిల్లలకు ఎంత నచ్చిందో సూడుండ్రి" అని ఆయన చెయ్యి ఊపాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. శేషాచారి ఓర్చుకోలేనిది అదే.

"పని ఉన్నది" అని, అప్పటికే తుడిచిన నల్లబల్లను మళ్ళీ తుడవసాగాడు.